ఓడ జాబితాలో ముత్తాత

దక్షిణాఫ్రికా తెలుగువాళ్ళు ముత్తాతను వెతకడం మొదలుపెడితే ముందుగా పట్టుకోవలసింది ఆయన నంబరు. 1860 నుంచి 1911 దాకా నాటాల్ వలస రాజ్యం తన చెరకు తోటలకూ, రైలు మార్గాలకూ, బొగ్గు గనులకూ భారతదేశం నుంచి 1,52,184 మంది కూలీలను తెప్పించుకుంది. డర్బన్ రేవులో దిగిన ప్రతి మనిషికీ వరస సంఖ్య వేసింది. తల్లి చంకలోని పసిబిడ్డకూ వేసింది.

మొదటి ఓడ ట్రూరో. 1860 అక్టోబరు 12న మద్రాసులో లంగరెత్తి, నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. ఆ తరవాత వచ్చినవాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులోనే ఓడ ఎక్కారు. తమిళులతో పాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు వాళ్ళలో ఉన్నారు. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల జీతం, ఆపైన తిండీ, వసతీ. ఒప్పందం మొదట్లో మూడేళ్ళు, తరవాత అయిదేళ్ళు. 1866లో ఆగిపోయిన రవాణా 1874లో మళ్ళీ మొదలైంది. రెండేళ్ళు తిరిగేసరికి దక్షిణాదిని 1876-78 కరువు కమ్ముకుంది. కూలీలను కూడగట్టే ఏజెంట్లకు ఊళ్ళలో పెద్దగా ఒప్పించవలసిన పని లేకపోయింది.

ఓడ జాబితాలో నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు రాసేవారు. మోకాలి మీది మచ్చ, ముంజేతి మీది పచ్చబొట్టు కూడా వదల్లేదు. వంశచరిత్ర దాచిపెట్టాలని ఎవరూ అనుకోలేదు. తోట వదిలి పారిపోయినవాణ్ణి పట్టుకోవడానికీ, ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో లెక్క చూసుకోవడానికీ, చనిపోయినవాడి జీతం ఎవరికి చెల్లించాలో తేల్చుకోవడానికీ ఆ వివరాలు కావాలి. డర్బన్‌లో ఈ పని చూడటానికి ‘ప్రొటెక్టర్’ అనే అధికారి ఉండేవాడు. ఆయన కార్యాలయపు పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. చరిత్రకారిణి జాయ్ బ్రెయిన్ పూనికతో ఆ జాబితాలు కంప్యూటర్లోకి ఎక్కాయి.

ఇంత కాగితం స్వేచ్ఛగా వలస వెళ్ళిన పేదవాళ్ళకు మిగల్లేదు. ఉదాహరణకు, స్కాట్లండ్ నుంచి ఐర్లండ్ ఉత్తర భాగానికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడి నుంచి మళ్ళీ కెనడా దారి పట్టాయి. 1761లో అలెగ్జాండర్ మెక్‌నట్ అలాంటివాళ్ళను సుమారు 300 మందిని నోవాస్కోషియాకు తీసుకెళ్ళాడు. వాళ్ళు స్థిరపడిన చోట్లలో ఒక ఊరి పేరు కూడా ట్రూరోయే. 1865కు ముందు కెనడాలో దిగినవాళ్ళ ఓడ జాబితాలు చాలా తక్కువ మిగిలాయి. కాబట్టి అక్కడి వారసులు భూమి కోసం పెట్టుకున్న అర్జీలూ, చర్చి పుస్తకాలూ, సమాధి రాళ్ళూ గాలిస్తారు. ఎవరికీ కట్టుబడకుండా వెళ్ళినవాడు ఏ ఊరివాడో ఏ గుమాస్తా అడగలేదు. బాండు మీద వెళ్ళినవాణ్ణి మాత్రం వదలకుండా అడిగారు.

అడిగినదంతా సరిగ్గా రాశారని కాదు. జాబితాలో ఇంటిపేరుకు గడి లేదు. తెలుగువాళ్ళకు వంశం గుర్తు ఇంటిపేరే గనక పెద్ద తెగుదల అక్కడే జరిగింది. తరవాతి తరాల్లో తండ్రి పేరే కుటుంబం పేరుగా స్థిరపడింది. అప్పలసామి, నరసిములు, రాములు అలా ఇంటిపేర్లయ్యాయి. కొందరికి నాయుడు, రెడ్డి మిగిలాయి. కులం గడిలో చాలాచోట్ల ‘జెంటూ’ అని కనిపిస్తుంది. అది కులం కాదు, ఆనాటి ఇంగ్లీషువాళ్ళు తెలుగువాళ్ళందరినీ పిలిచిన పేరు. అయినా పేర్లలో ఆనవాళ్ళు పూర్తిగా చెరిగిపోలేదు. అప్పలసామి, అప్పలరాజు, అప్పలమ్మ అనే పేర్లు కనబడితే సింహాచలం అప్పన్నను కొలిచే ఉత్తరాంధ్ర వైపు చూడాలని తెలుగు తెలిసినవాడెవడైనా చెప్పగలడు.

ఊరి పేరు దొరికాక అసలు చిక్కు మొదలవుతుంది. ‘ఉత్తర ఆర్కాటు’ అని ఉంటే తమిళనాడు అనుకోవడం పొరపాటు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు అందులోనివే. ‘గంజాం’ అని ఉంటే ఒడిశాకే పోనక్కరలేదు. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట 1936 దాకా గంజాంలోవే. ఒడిశా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి.

ఈ చిక్కు తెలంగాణలోని జహీరాబాద్ వాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు. 1956 దాకా ఈ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాది. రాష్ట్రాల పునర్విభజనలో నిర్ణా సర్కిల్ మైసూరు వైపు ఉండిపోయింది, మిగతాది మెదక్‌కు వచ్చింది. 2016లో సంగారెడ్డి జిల్లా అయింది. ఇల్లు కదలకుండానే ఒక కుటుంబం మూడు జిల్లాలు చూసింది. తాత నాటి పట్టా కోసం వెతికే రైతుకు ఉర్దూ చదివిపెట్టే మనిషి కావాలి, ఏ జిల్లా కచేరీలో అడగాలో కూడా తెలియాలి. అయితే అతని చేతిలో సర్వే నంబరైనా ఉంటుంది. ఓడ ఎక్కినవాళ్ళలో చాలామందికి సెంటు భూమి లేదు. కరణాల లెక్కలు భూమినీ శిస్తునూ పట్టుకుని నడిచేవి. శిస్తు కట్టనివాడి పేరు వాటిలో ఎక్కే దారి లేదు.

మారిషస్‌లో వెతుకులాట కొంత సులువు. 1860ల నుంచి అక్కడ కూలీల ఫొటోలు కూడా తీశారు. మోకా ఊళ్ళోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ రికార్డులు భద్రంగా ఉన్నాయి. మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం దాకా ఓసీఐ (విదేశీ భారతీయ పౌరసత్వ) కార్డు ఇస్తామని 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము అక్కడే ప్రకటించారు. దాంతో పాత కాగితాలకు కొత్త గిరాకీ వచ్చింది. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు నడిచింది 1903 నుంచే. అక్కడికి వెళ్ళిన 60,965 మందిలో తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ప్రయాణ పాసుల్లోనూ ఊరూ తాలూకా రాసి ఉంటాయి.

నాటాల్‌లో జాబితా దాటి ముందుకు పోవాలంటే పీటర్‌మారిట్స్‌బర్గ్ ఆర్కైవ్స్‌లోని ప్రొటెక్టర్ ఫైళ్ళు తిరగెయ్యాలి. తల వంచుకుని అయిదేళ్ళూ పనిచేసినవాడు ఒక్క వరసలో ముగిసిపోతాడు. జీతం ఎగ్గొట్టారని, కొట్టారని, జబ్బులోనూ పనికి తోలారని ఫిర్యాదు చేసినవాడికి పేజీలకు పేజీలు మిగిలాయి. తెలుగులో చెప్పుకున్న గోడు దుబాసీ నోటి మీదుగా ఇంగ్లీషు వాంగ్మూలమైంది. 1895 చట్టం ఒప్పందం ముగిశాక మళ్ళీ బాండు రాయక, ఇంటికీ పోక ఉండిపోయినవాళ్ళ మీద ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేసింది. 1913లో భారతీయ కూలీలు చేసిన సమ్మె తరవాత, 1914లో అది రద్దయింది. అంతదాకా పన్ను కట్టలేనివాళ్ళు మళ్ళీ మళ్ళీ తోటలకే కట్టుబడ్డారు, ఆ బాండ్లూ కాగితాలే. ఫిర్యాదు ఫైలు దొరికిన కుటుంబానికి ముత్తాతకు రావలసిన బకాయి ఎంతో, ఎవరితో తగువు పడ్డాడో, ఏ రోజున తోట వదిలి మేజిస్ట్రేటు దగ్గరికి నడిచాడో తెలుస్తుంది.