గార్లదిన్నె నుంచి జిద్దాకు ఎంత దూరం, ఎంత సేపు?

ఉమ్రాకు పోయే గార్లదిన్నె కుటుంబాలకు దగ్గర్లో ఉన్న పెద్ద ఎయిర్‌పోర్టు బెంగళూరుదే. 44వ నంబరు జాతీయ రహదారి మీద దేవనహళ్లికి సుమారు 200 కిలోమీటర్లు. అదే రోడ్డు మీద ఉత్తరానికి పోతే శంషాబాద్ 300 కి.మీ. దాటుతుంది.

గాల్లో దూరం: బెంగళూరు-జిద్దా సుమారు 4,180 కి.మీ., హైదరాబాద్-జిద్దా సుమారు 4,135 కి.మీ. ఈ తేడా విమానానికి నాలుగైదు నిమిషాల పని. కాబట్టి రోడ్డు దూరం, టికెట్ ధర చూసి ఎంచుకుంటే చాలు.

సమయం: నేరుగా పోయే విమానానికి ఐదున్నర నుంచి ఆరు గంటలు. వచ్చేటప్పుడు పడమటి గాలులు వెనక నుంచి తోస్తాయి కనుక సాధారణంగా కొంచెం తక్కువ పడుతుంది. రోడ్డుకు 4 గంటలు, ఎయిర్‌పోర్టులో 3 గంటలు కలిపితే ఇంటి నుంచి జిద్దాకు దాదాపు 13 గంటలు. మధ్యలో విమానం మారితే ఇంకా ఎక్కువ.

గడియారం: సౌదీ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. ఉదయం 10కి బయల్దేరితే అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట, ఒకటిన్నరకు దిగుతారు. టికెట్‌పై ఉండేవి ఎక్కడి టైము అక్కడిదే. మూడు గంటల ప్రయాణమే అనుకుని షుగర్ మాత్రలు పెద్ద లగేజీలో వేయకండి.

ఇహ్రాం: మీఖాత్ జిద్దా రాకముందే, గాల్లోనే దాటిపోతుంది. ఇహ్రాం బట్టలు చేతి సంచిలో ఉంచుకోండి. ఎక్కేముందే కట్టుకుంటే ఇంకా మేలు. నియ్యత్ మాత్రం మీఖాత్ దాటకముందే చేయాలి.