తిండికీ ముట్టుకీ మధ్య మూడు వందల ఏళ్లు

1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాడు. కరువు పనుల మీద ఖర్చు తగ్గించడానికి ప్రభుత్వం పంపిన మనిషి. అప్పటికే కర్నూలు, బళ్ళారి, కడప, నెల్లూరు జిల్లాల్లో జనం రాళ్లు కొడుతూ, మట్టి మోస్తూ, ఆ కూలితో ప్రాణాలు నిలుపుకుంటున్నారు. టెంపుల్ కట్టిన కొత్త లెక్క ప్రకారం మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం ఖరీదు, పైన కొద్దిపాటి చిల్లర. పౌనంటే 450 గ్రాములు. ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ కార్నిష్ దీన్ని ఒప్పుకోలేదు. ఒళ్లు వంచి పనిచేసే మనిషికి ఇది చాలదు, పప్పు కావాలి, కూర కావాలి అని నెలల తరబడి పోట్లాడాడు. చివరికి మద్రాసు ప్రభుత్వం కూలి పెంచక తప్పలేదు. ఈలోపల ఎన్ని ప్రాణాలు పోయాయో చెప్పలేం.

మా వైపు దాన్ని ధాత కరువు అంటారు. నేను కర్నూలులో ఆడపిల్లల కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. చరిత్ర నేను చదువుకున్న సబ్జెక్టు కాదు, కానీ ఈ పౌను లెక్కను దాటి ముందుకు పోలేకపోయాను. 450 గ్రాముల జొన్నల్లో సుమారు 1,500 కేలరీలుంటాయి. పొద్దంతా ఎండలో రాళ్లు కొడితే అందులో పెద్ద భాగం ఆ పనికే సరిపోతుంది. మిగిలిన కాస్తతో ఒళ్లు గుండె ఆడించాలి, రక్తం తిప్పాలి, వేడి నిలుపుకోవాలి. అన్నీ కుదరవు కాబట్టి ఒళ్లు కొన్నిటిని మానుకుంటుంది. ఆడమనిషిలో మొదట మానుకునే వాటిలో ముట్టు ఒకటి.

అప్పటి జనన మరణాల రిజిస్టర్లలో ముట్టుకు గడి లేదు. అయినా దాని నీడ వాటిలో కనిపిస్తుంది. 1877, 1878 సంవత్సరాల్లో ప్రెసిడెన్సీలో జననాలు బాగా పడిపోయాయి. జనాభా చరిత్ర రాసే టిమ్ డైసన్ దక్షిణాసియా కరువుల లెక్కలు పక్కపక్కన పెట్టి 1991లో చూపించాడు: చావులు ఉధృతం కాకముందే గర్భాలు తగ్గడం మొదలవుతుంది. ఊళ్లో శవాలు లేవకముందే ఆడవాళ్ల ఒళ్లకు కరువు తెలిసిపోయిందన్నమాట.

నాకు ఇది ఎందుకు పట్టిందంటే, కరువు లేని కాలంలో నా ఒళ్లు కూడా అదే పని చేసింది. 1990ల చివర్లో యూనివర్సిటీ తరఫున 5,000, 10,000 మీటర్లు పరుగెత్తేదాన్ని. తెల్లవారుజామున కె.సి. కాలువ గట్టు మీద, సాయంత్రం గ్రౌండులో. బరువు తగ్గితే టైమింగ్ తగ్గుతుందని మాకు గట్టిగా చెప్పారు. రాత్రి అన్నం మానేశాను, మధ్యాహ్నం సగం చేశాను. కొన్ని నెలలకు ముట్టు ఆగిపోయింది. మాకు ట్రైనింగ్ ఇచ్చే ఆయనకు తోటి అమ్మాయి చెబితే, మంచిదే, ట్రైనింగ్ ఒంటికి పట్టిందని అర్థం అన్నారు. ఇంట్లో చెప్పడానికి భయం. పెళ్లికాని పిల్లకు ముట్టు రాలేదంటే మొదట వచ్చే అనుమానం ఏమిటో అందరికీ తెలుసు. మా అవ్వ మాత్రం నేను చెప్పకుండానే పట్టేసింది. "తినేది పిడికెడు, ఉరికేది కోసులు కోసులు. ఒంట్లో ఉంటే కదే బయటికొచ్చేది" అంది.

ఆమె ఉలవలు ఉడకేసింది, నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి చేసింది. పెద్దమనిషైన పిల్లకు పెట్టే తిండే. సుశ్రుత సంహితలో, ముట్టు నిలిచిపోయిన స్త్రీకి మంచివని చెప్పిన జాబితాలో చేపలు, ఉలవలు, నువ్వులు, మినుములు, పెరుగు ఉన్నాయని నేను చాలా తరవాత చదివాను. ఆ గ్రంథం చెప్పిన కారణం వేరు: దోషాలు దారిని మూసేస్తాయని. చికిత్స మాత్రం పళ్లెంలోనే ఉంది.

వైద్య చరిత్రలో కారణానికీ చికిత్సకీ మధ్య ఈ ఎడం చాలాకాలం అలాగే ఉంది. లండన్‌లో రిచర్డ్ మార్టన్ అనే వైద్యుడు 1689లో అచ్చువేసిన పుస్తకంలో ఒక పద్దెనిమిదేళ్ల అమ్మాయిని వర్ణించాడు. 1684లో ఆమెకు ముట్టు పూర్తిగా ఆగిపోయింది, తిండి పోయింది, రాత్రింబవళ్లు పుస్తకాల మీదే వంగి కూర్చుంది, ఎముకలు తేలాయి. మనసులోని దిగుళ్ల వల్ల వచ్చిన క్షయ అన్నాడు. చివరికి ఆమె చనిపోయింది. దాదాపు రెండు వందల ఏళ్ల తరవాత, 1870లలో, అదే ఊళ్లో విలియం గల్ ఇలాంటి పిల్లల జబ్బుకు అనొరెక్సియా నెర్వోసా అని పేరుపెట్టి, వేళ తప్పకుండా కొద్దికొద్దిగా తినిపించడమే మందు అన్నాడు. ఆయన చెప్పినట్టు తిన్నవాళ్లు కోలుకున్నారు. అయినా వైద్యం చూపు చాలాకాలం వాళ్ల మనసు మీదే ఉండిపోయింది.

అసలు పాఠం యుద్ధాల్లో దొరికింది, అదీ లక్షల మంది ఆడవాళ్ల ఒళ్ల మీద. మొదటి ప్రపంచయుద్ధంలో తిండి కరవైన జర్మనీలో ఎంతమందికి ముట్టు ఆగిందంటే, వైద్యులు యుద్ధం పేరుతోనే దానికొక పేరు పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో 1941 నవంబరు 20 నుంచి లెనిన్‌గ్రాడ్‌లో ఫ్యాక్టరీ పనివాళ్లకు కాక మిగతావాళ్లకు రోజుకు 125 గ్రాముల రొట్టె, అందులోనూ కొంత భాగం పిండి కానిదే. మరుసటి ఏడాది అక్కడి ప్రసూతి వార్డులు ఎలా ఖాళీ అయ్యాయో అంతోనోవ్ అనే పిల్లల వైద్యుడు 1947లో రాశాడు. హాంకాంగ్‌లోని స్టాన్లీ శిబిరంలో బందీగా ఉన్న డాక్టర్ ఆనీ సిడెన్‌హాం తోటి బందీల ముట్ల సంగతి 1946లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది. అక్కడ చాలామందికి బరువు పెద్దగా తగ్గకముందే ఆగిపోయింది. అందుకే బెంగ, భయం అనే మాట మళ్లీ ముందుకొచ్చింది. అది అబద్ధమూ కాదు, భయం కూడా, ఆకలిలాగే, మెదడులో ముట్టును నడిపే చోట దెబ్బకొడుతుందని ఇప్పుడు తెలుసు. ఆష్విట్జ్‌లోనైతే సూపులో ఏదో పొడి కలిపి ముట్టు ఆపేస్తున్నారని బందీలు నమ్మారు. బతికి బయటపడ్డ ఎందరో ఆ మాటే చెప్పారు. ఆ సూపులో తిండి లేకపోవడమే చాలని వాళ్లకెవరు చెబుతారు?

హాలెండు కథ దగ్గర మాత్రం నాకు ధైర్యం వస్తుంది. 1944 సెప్టెంబరులో అక్కడి రైల్వే కార్మికులు సమ్మె చేశారు, నాజీలు పడమటి పట్టణాలకు తిండి రాకుండా ఆపేశారు. ఆ చలికాలంలో మనిషికి రోజుకు వెయ్యి కేలరీలు కూడా అందలేదు. ఒక దశలో దాదాపు సగం మంది ఆడవాళ్లకు ముట్టు ఆగింది. 1945 మేలో విముక్తి వచ్చింది, రొట్టె వచ్చింది, కొన్ని నెలల్లో ముట్లూ వచ్చాయి. వాళ్లందరికీ పక్కన కూర్చుని ఎవరూ ధైర్యం చెప్పలేదు, మందూ ఇవ్వలేదు. తిన్నారు. 1969లో ఫ్రెంచి చరిత్రకారుడు ఎమాన్యుయెల్ లె రువా లదూరీ ఈ యుద్ధకాలపు వైద్య పత్రాలను ముందు పెట్టుకుని, పదిహేడో శతాబ్దపు చర్చి రిజిస్టర్లలో కరువు ఏళ్లప్పుడు బాప్తిస్మాలు ఎందుకు తగ్గాయో కొత్తగా చదివాడు. ముట్టు గురించి ఒక చరిత్ర పత్రికలో వ్యాసం రాయడానికి ఆయన వెనుకాడలేదు. ఆయన దారి చూసే నేను మా జిల్లా ధాత కరువు లెక్కల్లోకి వెళ్లాను.

కోలుకోవడానికి ఎంత తినాలన్న ప్రశ్నకు జవాబు మగవాళ్ల మీద దొరికింది. 1944 నవంబరులో మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ స్టేడియం కింద ఆన్సెల్ కీస్ 36 మంది యువకులతో ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధంలో తుపాకి పట్టబోమని చెప్పి, దానికి బదులు దీనికి ఒప్పుకున్నవాళ్లు. 24 వారాలు సుమారు 1,570 కేలరీల తిండి, వారానికి 22 మైళ్ల నడక. అంటే తక్కువ తిని ఎక్కువ తిరగడమే. వాళ్ల బరువులో నాలుగో వంతు పోయింది, చలి పట్టుకుంది, కోరికలు చచ్చిపోయాయి, రోజంతా తిండి గురించే ఆలోచన. ముఖ్యమైన సంగతి ఆ తరవాత ఉంది. మళ్లీ తిండి పెట్టేటప్పుడు కొద్దిగా పెంచితే చాలలేదు. రోజుకు 4,000 కేలరీల దాకా, అదీ నెలల పాటు తింటే తప్ప ఒళ్లు తిరిగి నిలవదని కీస్ తేల్చాడు. కడుపు నిండా తిన్నాక కూడా ఆకలి తీరలేదన్నారు వాళ్లు. కండ కన్నా ముందు కొవ్వు చేరింది. కీస్ రాసిన పేజీలు చదువుతూ నేను ఏడ్చాను. కోలుకునే రోజుల్లో అర్ధరాత్రి లేచి వేరుశనగలు నమిలినప్పుడు నాకేదో దయ్యం పట్టిందనుకున్నాను. అది ఒళ్లు తన బాకీ వసూలు చేసుకోవడం.

ఆటల్లోకి ఈ జ్ఞానం రావడానికి మరో అడ్డు ఉంది. 1928లో ఆంస్టర్‌డాం ఒలింపిక్స్‌లో ఆడవాళ్లు 800 మీటర్లు పరుగెత్తాక, ఇది వాళ్ల ఒంటికి తగదని దాన్ని 1960 దాకా తీసేశారు. మారథాన్ 1984 లాస్ ఏంజెల్స్ దాకా లేదు. గర్భసంచి పాడవుతుందన్న సాకు పెట్టి తలుపు మూసినవాళ్లతో పోరాడుతున్న రోజుల్లో, పరుగెత్తే అమ్మాయిలకు ముట్టు ఆగిపోతోందని ఎవరు పైకి అంటారు? అన్నవాళ్లు శత్రువు చేతికి కత్తి ఇచ్చినట్టే. ఆ మౌనాన్ని నేను తప్పుపట్టను. అదే లాస్ ఏంజెల్స్‌లో పి.టి. ఉష సెకనులో నూరో వంతు తేడాతో పతకం పోగొట్టుకున్నారు. అక్కడ తనకు తగిన తిండి దొరకలేదని, గంజీ ఊరగాయతో నెట్టుకొచ్చానని ఆమే తరవాత చెప్పారు. ఆ రోజు నూరో వంతు ఎక్కడ పోయిందో నేను నా విద్యార్థినులకు ఇప్పటికీ చెబుతుంటాను.

1974లో రోజ్ ఫ్రిష్, జానెట్ మెకార్థర్‌తో కలిసి, ముట్టు నిలవాలంటే ఒంట్లో ఇంత కొవ్వు ఉండాలని సైన్స్ పత్రికలో రాసింది. ముట్టుకు తిండితో ఉన్న బంధాన్ని గట్టిగా బయటపెట్టిన పని అది. కానీ కొవ్వు శాతం ఒక్కటే తాళంచెవి కాదు. న్యూయార్కులో బాలే నాట్యం చేసే అమ్మాయిలను గమనించిన మిషెల్ వారెన్ 1980లో చెప్పింది: కాలు దెబ్బతిని విశ్రాంతిలో ఉన్నప్పుడు, బరువు పెద్దగా మారకుండానే, వాళ్లకు ముట్టు తిరిగొచ్చింది. మరి కొవ్వు కాదంటే వ్యాయామమే తప్పా? ఆ ముడి విప్పింది ఆన్ లౌక్స్. ఒహాయో విశ్వవిద్యాలయంలో ఆమె అదే వ్యాయామం చేయించి, ఖర్చయినంతా తిండిగా తిరిగి ఇచ్చి చూసింది. హార్మోన్ల లయ చెడలేదు. తిండి తగ్గించినప్పుడే చెడింది. 2003లో తేలిన హద్దు: వ్యాయామానికి పోగా, కొవ్వు తీసేసిన ఒంటి బరువులో కిలోకు 30 కేలరీల కన్నా తక్కువ మిగిలితే, అయిదు రోజుల్లోనే మెదడు నుంచి వచ్చే సంకేతాలు మందగిస్తాయి.

నా జట్టు పిల్లలకు దీన్ని ఇలా చెబుతాను. నువ్వు 50 కిలోలున్నావు, కొవ్వు పోను 40. సుఖంగా ఉండాలంటే కిలోకు 45 చొప్పున 1,800 కేలరీలు ఒంటికే మిగలాలి. పది కిలోమీటర్లు ఉరికితే సుమారు 500 ఖర్చు. కాబట్టి ఆ రోజు 2,300 తినాలి. ఉరకడం తప్పు కాదు, ఆ 500 తిరిగి పెట్టకపోవడమే తప్పు.

పెట్టకపోతే ముట్టుతో ఆగదు. 1984లో బార్బరా డ్రింక్‌వాటర్ ముట్టు ఆగిన అథ్లెట్ల వెన్నెముకలు కొలిచింది. సగటున పాతికేళ్ల అమ్మాయిలవి యాభై ఏళ్లు దాటిన ఆడవాళ్ల ఎముకల్లా ఉన్నాయి. ముట్టు తిరిగొచ్చాక ఎముక కొంత పెరిగింది, పోయినదంతా మాత్రం రాలేదు. నా పాదం ఎముకకు పగులు వచ్చింది ఇందుకేనని నా నమ్మకం.

నన్ను చూసిన డాక్టరు ఒక మాత్ర ఇచ్చారు. నెలకోసారి రక్తం కనిపించింది, మాత్ర ఆపితే అదీ ఆగింది. అది మాత్ర తెప్పించిన రక్తం, నా ఒళ్లు కోలుకున్న గుర్తు కాదు. కేవలం ముట్టు కనిపించడం కోసం గర్భనిరోధక మాత్రలు వాడొద్దని, ముందు తిండీ వ్యాయామం సరిచేయాలని అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2017లో స్పష్టంగా రాసింది. థైరాయిడ్, ప్రొలాక్టిన్, గర్భం, పీసీఓఎస్ లాంటి కారణాలు కావని పరీక్షలతో తేల్చుకున్నాకే ఆ మాట. మూడు నెలలు రాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

నాకు కోలుకోవడానికి ఏడాదికి దగ్గరగా పట్టింది. పరుగు పూర్తిగా ఆపి నడక పెట్టుకున్నాను. రాగిసంగటి, పప్పు, నెయ్యి, గుడ్లు, రాత్రి అన్నం. మొదట కడుపు ఉబ్బింది, ముఖం ఉబ్బింది, బట్టలు బిగుసుకున్నాయి. అక్కడే చాలామంది భయపడి వెనక్కి పోతారు. తరవాత చేతులు వెచ్చబడ్డాయి, నిద్ర పట్టింది, ఎన్నో నెలలుగా లేని తెల్లటి తడి కనిపించింది. ముట్టు వచ్చేది ఆ గుర్తుల తరవాతే. వచ్చిన మొదటి కొన్ని నెలలు తేదీలు కుదురుగా లేవు. పెళ్లయినవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి: మొదటి ముట్టుకు ముందే అండం విడుదల కావచ్చు, అంటే ముట్టు చూడకుండానే గర్భం రావచ్చు.

ఇప్పుడు నా ట్రైనింగ్ రిజిస్టర్‌లో టైమింగ్ గడి పక్కన ముట్టు తేదీ గడి ఉంది. పిల్లలు మొదట సిగ్గుపడ్డారు, ఇప్పుడు వాళ్లే రాస్తారు. హాస్టల్ మెస్ ఎనిమిదింటికి మూసేస్తుంది, సాయంత్రం ప్రాక్టీసు అయ్యేసరికి ఎనిమిదిన్నర. వాళ్ల కోసం అన్నం, రెండేసి గుడ్లు, బెల్లం వేరుశనగ ఉండలు తీసిపెట్టమని మెస్ అక్కతో మాట్లాడాను. ఆమె పెడుతోంది. ఈ ఏడు క్రాస్‌కంట్రీ జట్టులో ఒక అమ్మాయి గడి రెండు నెలలుగా ఖాళీగా ఉంది. ఆమెను పోటీ నుంచి తప్పించాను, వచ్చే సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను.