చవక వెనక కథ

2007 నవంబరు 2న అమెరికాలో వాల్‌మార్ట్ దుకాణాలు తోషిబా హెచ్‌డీ డీవీడీ ప్లేయరును 98 డాలర్ల 87 సెంట్లకే అమ్మాయి. ఏడాదిన్నర ముందు ఆ కంపెనీ తెచ్చిన మొదటి ప్లేయరు ఖరీదు 499 డాలర్లు. జనం ఎగబడ్డారు. రెండు నెలలు తిరిగాయో లేదో, వార్నర్ స్టూడియో ప్రత్యర్థి బ్లూ-రే పక్షాన చేరింది. 2008 ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసింది.

మరి కొన్నవాళ్ళు మునిగిపోయినట్టేనా? పూర్తిగా కాదు. ఆ ప్లేయర్లు మామూలు డీవీడీలనూ ఆడిస్తాయి, బొమ్మను హెచ్‌డీ టీవీకి తగ్గట్టు పెంచి చూపిస్తాయి. కొత్త డిస్కులు రావడం మాత్రం ఆగిపోయింది.

రిసీవర్ల సంగతి వేరు. హెచ్‌డీఎంఐ వచ్చాక, అది లేని పాత రిసీవర్లను అడిగేవాళ్ళు తగ్గారు. అయితే లోపలి ఆంప్లిఫయరుకు ఏ యుద్ధంతోనూ పనిలేదు. ఆప్టికల్ కేబుల్ తగిలిస్తే డీవీడీలోని డాల్బీ డిజిటల్, డీటీఎస్ ఎప్పటిలాగే పలుకుతాయి.

పదేళ్ళ తర్వాత, 2018 ఏప్రిల్‌లో, ఒప్పో డిజిటల్ కూడా ప్లేయర్ల తయారీ ఆపేస్తున్నానంది. ఈసారి తిరకాసుగా జరిగింది: 549 డాలర్ల యూడీపీ-203 సెకండ్‌హ్యాండ్‌లో అంతకంటే ఎక్కువకే అమ్ముడైంది.

రెండూ తయారీ ఆగిపోయిన సరుకులే. ఒకటి ఇక రాని డిస్కుల కోసం పుట్టింది. రెండోది బ్లూ-రే, డీవీడీ, సీడీ, ఇంట్లో ఉన్నవన్నీ ఆడించింది. అందుకే బేరమాడే ముందు ధర చీటీ కన్నా మన అలమారాను చూసుకోవడం మేలు.