ఊరు దాటిన చదువు
మన వడమాలపేట ఒకనాడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1911 నేరస్థ తెగల చట్టం ఆ రాష్ట్రంలో మన ఎరుకల తాతలను పుట్టుకతోనే దొంగలన్నది. పేరెక్కిన మనిషి వేలిముద్రలివ్వాలి, మకాం మారిస్తే పోలీసులకు చెప్పుకోవాలి. ఆ చట్టం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది.

1954-55లోనే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్పు మొదలైంది. ఊరు దాటనివ్వని సర్కారే సముద్రం దాటి పీజీ, పీహెచ్‌డీ చదవమన్నది! అయితే దేశంలోని ఏడు వందలకు పైగా తెగలకు ఏటా ఇచ్చేవి 20 మాత్రమే. వాటిలో 3 ఆదిమ తెగలకు.

ఆనాడు అడ్డు పోలీసు. ఈనాడు మన పిల్లలకు అడ్డు లేని కుల పత్రం, తప్పుపడిన పుట్టిన తేదీ. అయ్యవార్లారా, పదో తరగతిలోనే ఆ కాగితాలు సరిచేయించండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఆ ఇరవైలో మన పేరూ ఉండాలి.