తల్లిగారింటికి చేరిన తరువాత



రేగుంట, సిరోంచ ప్రాంతంలో పిల్లనివ్వడానికి, పిల్లను తెచ్చుకోవడానికి ప్రాణహిత గాని, గోదావరి గాని ఎన్నడూ అడ్డం కాలేదు. ఈ ఒడ్డున పుట్టిన పిల్ల ఆ ఒడ్డున కోడలవుతుంది. ఆ ఒడ్డు పిల్ల ఇక్కడికి వస్తుంది. కాబట్టి అత్తగారింట దెబ్బలు పడలేక తల్లిగారింటికి వచ్చే ఆడబిడ్డ చాలాసార్లు నదినే కాదు, రాష్ట్రాన్ని కూడా దాటి వస్తుంది. వచ్చినంత మాత్రాన ఆమె బాధ తీరినట్టేనా? ఇరుగుపొరుగు తీరిందనే అనుకుంటారు. "ఇప్పుడు కొట్టేవాడు లేడు కదా, ఇంకా ఎందుకు ఏడుస్తావు?" అని అడుగుతారు. ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పడానికి మన న్యాయస్థానాలకు నూరేళ్ళకు పైనే పట్టింది. ఆ చరిత్రను ఈ ప్రసంగంలో తెలుసుకుందాం.

మొదట బొంబాయికి వెళదాం. పదకొండేళ్ళకే పెళ్ళయిన రఖ్మాబాయి, పెద్దదయ్యాక కాపురానికి వెళ్ళనన్నది. భర్త దాదాజీ భికాజీ 1884లో కోర్టుకెక్కాడు. 1885లో జస్టిస్ పిన్హే ఆమె పక్షాన తీర్పు చెప్పినా, అప్పీలు తరువాత కథ మారింది. కాపురానికి వెళ్ళాలి, లేదంటే ఆరు నెలలు జైలుకు పోవాలని 1887 మార్చిలో కోర్టు ఆదేశించింది. జైలుకే పోతానన్నదామె. 1888లో రెండు వేల రూపాయలకు రాజీ కుదిరింది. తరువాత ఆమె ఇంగ్లండు వెళ్ళి వైద్యం చదివి, సూరత్‌లో, రాజకోటలో ఎన్నో ఏళ్ళు డాక్టరుగా పనిచేసింది. ఆనాటి చట్టం చూసింది ఒక్కటే: భార్య భర్త ఇంట్లో ఉన్నదా, లేదా? ఆమె మనసులో ఏమున్నదో అడిగే వీలు ఆ చట్టంలో లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1955లో హిందూ వివాహ చట్టం చేశారు. అందులో క్రూరత్వం కారణంగా విడిగా ఉండే హక్కు మాత్రమే ఇచ్చారు. ఆ కారణంతో విడాకులు తీసుకునే వీలు 1976 సవరణతో వచ్చింది. భార్యను తిరిగి కాపురానికి రమ్మని కోర్టు ద్వారా పిలిపించే తొమ్మిదో సెక్షన్ మాత్రం అలాగే ఉండిపోయింది. 1983లో సినీనటి సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఇష్టం లేని స్త్రీని కాపురానికి పంపడమంటే ఆమె శరీరం మీద ఆమెకున్న హక్కును లాక్కోవడమేనని ఆయన భావించారు. కాని 1984లో సుప్రీంకోర్టు మరో కేసులో ఆ సెక్షన్‌ను తిరిగి నిలబెట్టింది.

ఆ 1983 చివరలోనే భారత శిక్షాస్మృతిలో 498ఎ సెక్షన్ చేరింది. శరీరానికే కాక మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హాని చేయడం కూడా క్రూరత్వమేనని అందులో రాశారు. 2024 జూలై నుంచి ఇదే నేరం భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్ల కింద ఉన్నది.

మానసిక శాస్త్రం కూడా దాదాపు ఆ కాలంలోనే ఈ బాధను పట్టించుకోవడం మొదలుపెట్టింది. అమెరికాలో లెనోర్ వాకర్ 1979లో, కొట్టే కాపురాల్లో ఒక చక్రం తిరుగుతుంటుందని రాసింది. ముందు ఇంట్లో ఉద్రిక్తత పెరుగుతుంది, తరువాత దెబ్బలు పడతాయి, ఆపైన బతిమాలడం, ప్రేమ చూపడం. ఆ నాలుగు రోజుల ప్రేమ గుర్తుకొచ్చే, బయటపడిన ఆడమనిషి "మళ్ళీ పోదునా" అని కొట్టుమిట్టాడుతుంది. ఇది ఆమె తెలివితక్కువతనం కాదు. 1992లో జూడిత్ హెర్మన్ అనే వైద్యురాలు మరో మాట చెప్పింది. యుద్ధఖైదీల మనసుకు తగిలే గాయానికి, ఏళ్ళ తరబడి భర్త చేతిలో నలిగిన భార్య గాయానికి పోలికలున్నాయన్నది. ప్రమాదం పోయినా శరీరం కాపలా మానదు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడడం, నిద్ర పట్టకపోవడం, తప్పంతా తనదేననుకోవడం, చీర కొనాలన్నా ఒకరి అనుమతి కోసం చూడడం, ఇవన్నీ ఆ కాపలా గుర్తులే.

ఈ తెలివిడి చట్టంలోకి మెల్లగా వచ్చింది. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో తయారై, 2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చింది. తిట్టడం, అవమానించడం కూడా హింసేనని ఆ చట్టం చెప్పింది. బాధితురాలు తాత్కాలికంగా తలదాచుకున్న చోటి మేజిస్ట్రేటును కూడా ఆశ్రయించవచ్చన్నది.

కాని 498ఎ కేసుల్లో చిక్కు తీరలేదు. కొట్టింది అత్తగారి ఊళ్ళో కాబట్టి కేసు అక్కడే పెట్టాలని కొన్ని హైకోర్టులు చెబుతూ వచ్చాయి. పారిపోయి వచ్చిన ఆడబిడ్డ భయపడే ఊరికే మళ్ళీ మళ్ళీ పోవాలన్నమాట. రూపాలీ దేవి కేసులో 2019 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనికి జవాబిచ్చింది. దెబ్బలు అత్తగారింట తగిలినా, వాటివల్ల మనసు పడే బాధ తల్లిగారింట కూడా కొనసాగుతుందని, కాబట్టి ఆమె ఆశ్రయం పొందిన చోట కూడా కేసు పెట్టవచ్చని తీర్పు చెప్పింది. నదికి అటూ ఇటూ సంబంధాలు కలుపుకునే మనకు ఈ తీర్పు విలువ ఇంకా బాగా తెలియాలి.

ఇక ఇంటివాళ్ళ పని మిగిలి ఉన్నది. కోలుకోవడానికి ముందు కావలసింది భద్రత అని హెర్మన్ చెప్పింది. ఆ తరువాత తన కథ చెప్పుకొని దుఃఖపడే అవకాశం, చివరగా నలుగురితో మళ్ళీ కలవడం. మొదటిది ఇవ్వవలసింది తల్లిదండ్రులు, అన్నదమ్ములు. "ఎప్పుడు పోతావు బిడ్డా?" అని అడగకండి. రాత్రి లేచి కూర్చుంటే కసురుకోకండి. ఏం వండాలి, ఎక్కడికి పోవాలి వంటి చిన్న నిర్ణయాలు ఆమెకే వదలండి. పోగొట్టుకున్న ధైర్యం అక్కడినుంచే తిరిగి వస్తుంది. ఆపదలో మహిళల సహాయానికి 181, మనసు బాధకు టెలిమానస్ 14416 ఫోను నంబర్లున్నాయి. ఆదాయం ఎంతైనా సరే, కోర్టులో స్త్రీలకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 చట్టం ఇచ్చింది.

అత్తగారింట పడ్డ దెబ్బ తల్లిగారింట కూడా నొప్పి పెడుతుందని దేశపు అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకున్నది. మన ఇంటి అరుగు మీద కూర్చున్నవాళ్ళం కూడా ఆ మాట ఒప్పుకుంటే, ఆడబిడ్డ నది దాటి వచ్చిన కష్టానికి ఫలితం దక్కుతుంది.