సురభి మన జిల్లా ఊరే, మరి నాటకం యాడికి పోయింది?

ఈ ఎపిసోడ్ నాకు సిగ్గేసిన ఒక విషయంతో మొదలుపెడతా.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే రోజుల్లో ఒక శనివారం మా టీమ్ వాళ్లు పబ్లిక్ గార్డెన్స్‌లో నాటకానికి తీసుకెళ్లారు. సురభి వాళ్ల 'మాయాబజార్'. లడ్డూలు గాల్లో ఎగురుకుంటూ ఘటోత్కచుడి నోట్లోకి పోతున్నాయి. నారదుడు మబ్బుల్లోంచి దిగుతున్నాడు. గ్రాఫిక్స్ లేవు, ఎడిటింగ్ లేదు. కంటికి కనపడని దారాలు, గిలకలు, ఒకదాని వెనక ఒకటి తెరలు. అంతే.

ఆట అయిపోయాక ఒక నటిని అడిగా: "అక్కా, సురభి అంటే ఏంది?"

"నీదే ఊరు తమ్ముడూ?"

"దువ్వూరు అక్కా, కడప జిల్లా."

ఆమె గట్టిగా నవ్వింది. "సురభి మీ జిల్లాలో ఊరే కదయ్యా!"

బీటెక్ దాకా అదే జిల్లాలో చదివినోణ్ణి. నాకు తెలీదు.

సరే, కథలోకి పోదాం. మన పులివెందుల పక్క, చక్రాయపేట మండలంలో సురభి అనే పల్లె ఉంది. పాత పేరు సొరుగు. మరాఠీ మూలాలున్న వనారస కుటుంబం తోలుబొమ్మలాడించుకుంటూ బతికేది. 1885లో ఆ ఊళ్లో ఒక పెళ్లి సందర్భంగా వాళ్లు బొమ్మలు పక్కనపెట్టి, తామే వేషాలు కట్టి 'కీచక వధ' ఆడారు. ముందు నిలబడింది వనారస గోవిందరావు. అలా ఊరి పేరే ఇంటిపేరు, నాటకం పేరు అయిపోయింది.

వీళ్ల ధైర్యం చూడండి. ఆడవేషాలు మగవాళ్లే వేసే కాలంలో తమ ఇంటి ఆడవాళ్లనే స్టేజీ ఎక్కించారు. కుటుంబం పెరిగేకొద్దీ సమాజాలు పెరిగాయి, ఒకప్పుడు ముప్పైకి పైనే. 1932లో విడుదలైన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి ఎవరనుకున్నారు? సురభి కమలాబాయి. కానీ ఆ సినిమానే తర్వాత జనాన్ని డేరాల నుంచి టాకీసుల్లోకి లాక్కుపోయింది. ఇప్పుడు సమాజాలు ఐదే మిగిలాయి. శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. అంటే ఆట బతికింది, మన జిల్లా దాటి.

ఎలా బతికింది? పాతదాన్ని పట్టుకునే కొత్తదానికి తలుపు తీసింది. 1990ల్లో కన్నడ రంగస్థల దర్శకుడు బి.వి.కారంత్ వీళ్లతో పనిచేశాడు. జర్మన్ రచయిత బ్రెహ్ట్ నాటకం మన భాషలో 'బస్తీ దేవత యాదమ్మ' అయింది. 2013లో ఫ్రాన్స్‌లోని మెట్జ్ నగరానికి పోయి 'మాయాబజార్' ఆడొచ్చారు. అదే ఏడాది సురభి బాబ్జీకి పద్మశ్రీ వచ్చింది.

ఆటకు ఊరు కావాలి, సరే. మరి ఊరికి ఆట ఏం చేస్తుంది? దానికి ఇటలీలో స్పొలేతో అనే ఊరు చూడండి. జనాభాలో మన ప్రొద్దుటూరు కంటే చాలా చిన్నది. రోమన్ల కాలం థియేటర్, పాత చర్చి, కొండ మీద కోట ఉన్నాయి. 1958లో మెనోత్తి అనే సంగీతకారుడు అక్కడ నాటకాలు, సంగీతం, డ్యాన్స్ కలిపి ఒక పండగ మొదలుపెట్టాడు. 1962లో ఊరి వీధుల్లోనే ఆధునిక శిల్పాలు పెట్టారు. అమెరికన్ శిల్పి కాల్డర్ చేసిన పెద్ద ఇనుప శిల్పం ఇప్పటికీ రైల్వే స్టేషన్ ముందే ఉంది. పండగ ఏటా జరుగుతూనే ఉంది. పాత రాళ్ల మధ్య కొత్త ఆట పెట్టి ఆ ఊరు పేరు తెచ్చుకుంది.

ఇప్పుడు మన జమ్మలమడుగు పక్క గండికోటకు రండి. పెన్న లోయ, మాధవరాయ గుడి, జామా మసీదు, ధాన్యాగారం. మనం ఏం చేస్తాం? అంచున నిలబడి సెల్ఫీ దిగి, బిర్యానీ తిని వచ్చేస్తాం. నేనూ అంతే, ఐదుసార్లు పోయినా. గండికోట ఉత్సవాలు జరిగినప్పుడు సందడి ఉంటుంది, కాదనను. ఉత్సవాలు అయిపోయాక?

నా కోరిక చెప్తా. కోటలో రాతికి ఒక్క మేకు కూడా కొట్టకుండా, బయట మైదానంలో నెలకో సాయంత్రం నాటకం. సురభి వాళ్లు ఒకసారి, మన ప్రొద్దుటూరు కాలేజీ పిల్లోళ్లు కొత్తగా రాసింది ఇంకోసారి. ఫ్రీ పాస్ అడగొద్దు, టికెట్ కొందాం. తెర వెనక దారం లాగే మనిషి కూడా అన్నం తినాలి కదా.

ఈ ఎపిసోడ్ కోసం చదువుతూ మా అవ్వకు ఫోన్ చేసి, "అవ్వా, సురభి తెలుసా?" అన్నా. "తెలీకేం రా! చిన్నప్పుడు మా నాయన బండి కట్టి ప్రొద్దుటూరికి పిల్చకపోయినాడు. లడ్డూలు ఎగిరినాయి" అంది.

నేను వందల కిలోమీటర్లు పోయి, టికెట్ కొని చూసింది ఆమె ఎద్దులబండిలో పోయి చూసొచ్చింది. మీ ఇంట్లో అవ్వనో తాతనో ఈ రాత్రే అడగండి. వాళ్లు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. మళ్లీ కలుద్దాం, ఉంటా.