పదాతి సైనికుడి శీలం: మద్రాసు రెజిమెంటు సంప్రదాయం

కాలినడకన వెళ్లి శత్రువును ఎదుర్కొని, గెలిచిన నేలను వదలకుండా నిలిచేవాడు పదాతి సైనికుడు. అతడికి ధైర్యం ఎలాగూ ఉండాలి. అంతకన్నా గట్టిగా ఆశించేవి ఓర్పు, క్రమశిక్షణ, పక్కవాణ్ణి విడిచిపెట్టని గుణం, చేతిలో ఆయుధమున్నా అదుపు తప్పని నిగ్రహం. భారత సైన్యంలోని పాత పదాతి దళాల్లో ఒకటైన మద్రాసు రెజిమెంటు చరిత్రలో ఈ గుణాలకు నిదర్శనాలున్నాయి, కఠిన పరీక్షలూ ఉన్నాయి. మద్రాసులోని సెయింట్ జార్జి కోట కేంద్రంగా ఈస్టిండియా కంపెనీ 1758లో సిపాయిలను పటాలాలుగా కూర్చింది. వారిలో తెలుగువారు చాలామంది. ఉత్తరాదిన కంపెనీ సిపాయికి ‘తిలంగా’ అన్న పేరు పడింది అందుకే.

పటాలాలు ఏర్పడకముందే, 1751లో ఆర్కాటు కోట ముట్టడిలో కంపెనీ అధికారి క్లైవు వెంట ఉన్న కొద్దిమంది 50 రోజులు నిలబడ్డారు. గింజలు అడుగంటిన వేళ అన్నం తెల్ల సైనికులకు పెట్టి, వార్చిన గంజి తమకు చాలునని సిపాయిలు అన్నారట. ఆంగ్ల రచయితలు దీన్ని ఉప్పు తిన్న విశ్వాసంగా పొగిడారు. కంపెనీ మీద ప్రేమకన్నా, ఒకే గోడ మాటున చావుకు తెగించినవాళ్ల మధ్య పుట్టే బాధ్యతే ఇందులో ఎక్కువ కనిపిస్తుంది.

విధేయతకూ హద్దుంటుందని 1806 జూలై 10న వెల్లూరు చూపింది. కొత్త రకం తలపాగా పెట్టుకోవాలని, నుదుట బొట్టు, చెవులకు పోగులు ఉండకూడదని ఆజ్ఞలు వచ్చాయి. సిపాయిలు తిరగబడ్డారు, ఇరువైపులా నెత్తురు పారింది. చివరికి ఆ ఆజ్ఞలు రద్దయ్యాయి. గవర్నరు బెంటింక్‌నూ సేనాధిపతి క్రాడక్‌నూ వెనక్కి పిలిపించారు. సైనికుడి పరువును తాకే ఆజ్ఞ క్రమశిక్షణను పెంచదని అధికారులకు చాలా ఖరీదుగా తెలిసొచ్చింది.

ఆ తర్వాతి దెబ్బ వేరే రకం. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్, దక్షిణాదివారిలో పోరాట గుణం సన్నగిల్లిందని నమ్మాడు. ‘వీర జాతుల’ వాదం బలపడి, 1920ల చివరికల్లా రెజిమెంటే కనుమరుగైంది. ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చాక 1941లో మళ్లీ నిలబెట్టక తప్పలేదు. అదే ప్రాంతాల కుర్రాళ్లు బర్మా రంగంలో పోరాడారు. శౌర్యం కులాన్ని బట్టో ఊరిని బట్టో వస్తుందన్న మాట పసలేనిదని తేలడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

నేడు రెజిమెంటు శిక్షణ కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది. స్వధర్మంలో మరణమైనా మేలేనన్న గీతా భావం దీని ఆదర్శం. ‘నామ్, నమక్, నిషాన్’ అన్నది సైన్యమంతటా వినిపించే మాట. అంటే పటాలం పేరు, తిన్న ఉప్పు, పట్టిన జెండా. అయితే శీలం తయారయ్యేది నినాదాల్లో కాదు, రోజువారీ పనుల్లో. పుల్‌త్రూ తాడుకు చిందీ గుడ్డ కట్టి, తుపాకీ బారెల్ మెరిసేదాకా లాగాలి. హవల్దారు నడిపే పదిమంది సెక్షన్‌లో జంటగా ఉండే ఇద్దరిలో ఒక ‘బడ్డీ’ నిద్రపోతే రెండోవాడు కాపలా ఉండాలి. ఎవరూ చూడని ఆ వేళ కునుకు తీయకపోవడమే అసలు పరీక్ష.

నిగ్రహానికి ఇటీవలి ఉదాహరణ మరో రెజిమెంటుది: గల్వాన్ లోయ. అక్కడ 16వ బిహార్ బెటాలియన్‌కు నాయకుడు సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు. వాస్తవాధీన రేఖ వద్ద కాల్పులు జరపరాదని చైనాతో ఒప్పందాలున్నాయి. 2020 జూన్ 15 రాత్రి ఘర్షణలో తూటా పేలలేదు, కానీ ఆయనతో కలిపి 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. సంతోష్ బాబుకు 2021లో మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు.